చేరిన ప్రతి ఒక్కరినీ లెక్కలోకి తీసుకోండి: ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పాలకమండళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాలకమండలి సభ్యులకు, ఉపకులపతులకు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు నిధులు కేటాయించే అధికారులకు,

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పద్దెనిమిదేళ్లుగా సాయంత్రపు తరగతులకు గణాంకశాస్త్రం బోధిస్తున్నాను. ఇంటర్ కాగానే నేరుగా వచ్చి చేరినవారు నా తరగతిలో అరుదు. పగలంతా ఉద్యోగం చేసి వచ్చేవారు, పిల్లలను ఎవరికో అప్పగించి వచ్చేవారు, మంచాన ఉన్న తల్లికి మందులు ఇచ్చి వచ్చేవారు, పదేళ్ల కిందట ఆగిపోయిన చదువును మళ్లీ అందుకోవాలని వచ్చేవారు ఎక్కువ. వీరిలో డిగ్రీ చేతికి వచ్చేదాకా నిలిచేవారు తక్కువ. ఎందుకు తక్కువ అన్నదే ఈ లేఖలోని విషయం.

డిగ్రీ పూర్తి చేసినవారి శాతం వెలువడిన ప్రతిసారీ రెండు మాటలు వింటూ వచ్చాను. ఇంత తక్కువమంది పట్టభద్రులయ్యే సంస్థపై ప్రజాధనం ఖర్చు చేయడం దండగ అన్నది ఒకటి. మా దగ్గరికి వచ్చే విద్యార్థుల బతుకులే అలాంటివి, మేమేం చేయగలం అన్నది రెండోది. మొదటి మాట సంస్థను మూసేయమంటుంది, రెండోది ఉన్నదున్నట్టు వదిలేయమంటుంది. సంస్థ తన పద్ధతిని మార్చుకోవాలని రెండింటిలో ఏదీ అడగదు. నేను అడగదలచుకున్నది అదే. నా విద్యార్థుల కష్టాలు నిజమైనవే, కానీ వారి చదువును తెంచిన చివరి కారణం చాలాసార్లు ఇంటి దగ్గర పుట్టినది కాదు, మన కార్యాలయాల్లో పుట్టినది.

ముందుగా ఎవరి గురించి మాట్లాడుతున్నామో చూద్దాం. అమెరికా జాతీయ విద్యా గణాంక కేంద్రం సంప్రదాయేతర విద్యార్థిని ఏడు లక్షణాలతో గుర్తిస్తుంది: పాఠశాల ముగిశాక ఆలస్యంగా చేరడం, పార్ట్‌టైమ్‌గా చదవడం, వారానికి 35 గంటలు లేదా అంతకుమించి పని చేయడం, ఆర్థికంగా తల్లిదండ్రుల మీద ఆధారపడకపోవడం, తన మీద ఆధారపడినవారు ఉండడం, ఒంటరిగా పిల్లలను పెంచుతుండడం, పాఠశాల చదువును మామూలు పద్ధతిలో పూర్తి చేయకపోవడం. ఆ దేశంలో డిగ్రీ స్థాయిలో చదువుతున్నవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి వీటిలో కనీసం ఒకటి వర్తిస్తుందని అదే కేంద్రం లెక్కలు చెబుతున్నాయి. నలుగురిలో ముగ్గురిని సంప్రదాయేతరులు అని పిలుస్తూ, టైంటేబుల్‌ను, ఫీజు గడువులను, పరీక్షల నిబంధనలను మిగిలిన ఒక్కరిని దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తున్నాం.

తలుపు తెరవడంలో ప్రభుత్వాలు వెనకబడలేదు. బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది. ముందస్తు అర్హతలు అడగకుండా 1971లో తొలి విద్యార్థులను చేర్చుకుంది. భారతదేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్‌లో పుట్టింది, ఈనాడు దానిని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఇవన్నీ చదువుకు దూరమైనవారికి రెండో అవకాశం ఇవ్వాలన్న గొప్ప సంకల్పంతో పుట్టినవి, ఆ సంకల్పం పట్ల నాకు ఎనలేని గౌరవం ఉంది. అయితే ప్రవేశం ఇవ్వడంతోనే ఆ మాట నిలబెట్టుకున్నట్టు భావించడం పెద్ద పొరపాటు. మూడో సెమిస్టర్‌లో చదువు మానేసిన మనిషికి దక్కేది సగం డిగ్రీ కాదు. కట్టిన ఫీజు, పోయిన సాయంత్రాలు, కొన్నిసార్లు తీర్చవలసిన అప్పు, వాటితోపాటు చదువు తనవల్ల కాదన్న నమ్మకం మిగులుతాయి. అమెరికాలో కొంత కళాశాల చదువు చదివి, ఏ పట్టా లేకుండా ఆగిపోయినవారు మూడున్నర కోట్లకు పైగా ఉన్నారు. అంతమంది ఒకనాడు ఏదో ఒక కళాశాలలో దరఖాస్తు నింపి, ఫీజు కట్టి, ఆశతో మొదటి తరగతికి వెళ్లినవారే.

లెక్క గురించి కొంత వివరంగా చెప్పడానికి అనుమతించండి, అది నేను బోధించే విషయం కూడా. ఏ శాతానికైనా హారంలో ఎవరున్నారన్నది మొదటి ప్రశ్న. అమెరికాలో 1990 నాటి చట్టం ప్రకారం కళాశాలలు ప్రకటించవలసి వచ్చిన డిగ్రీ పూర్తి శాతంలో, జీవితంలో మొదటిసారి కళాశాలలో చేరి, ఫుల్‌టైమ్‌గా చదువు మొదలుపెట్టినవారు మాత్రమే హారంలో ఉంటారు. నాలుగేళ్ల డిగ్రీకి ఆరేళ్ల గడువులో పూర్తి చేసినవారే లవంలోకి వస్తారు. పార్ట్‌టైమ్‌గా చేరినవారు అందులో లేరు. మరో కళాశాల నుంచి మారి వచ్చినవారూ లేరు. ఇక్కడ మొదలుపెట్టి వేరొక చోట పట్టా పుచ్చుకున్నవారు మొదటి సంస్థ లెక్కలో పూర్తి చేయనివారిగానే మిగిలిపోతారు. నా విద్యార్థిని ఒకరు ముప్పై నాలుగో ఏట వేరే కళాశాల నుంచి మారి వచ్చి, సెమిస్టర్‌కు ఒకటి రెండు పేపర్ల చొప్పున చదివి, మధ్యలో కాన్పు కోసం ఏడాది ఆగి, తొమ్మిదో ఏట పట్టా అందుకున్నారు. మా తరగతిలో అంత పట్టుదల నేను మరెవరిలోనూ చూడలేదు. ఇటువంటి లెక్కలో ఆమె విజయం అసలు కనిపించదు. లవంలోనూ హారంలోనూ ఆమె లేరు.

పార్ట్‌టైమ్ విద్యార్థులను, మారి వచ్చినవారిని కలుపుకుని, ఎనిమిదేళ్ల వరకు వారి గతిని గమనించే మరో లెక్కను అక్కడి ప్రభుత్వం 2017లో ప్రకటించడం మొదలుపెట్టింది. అది సరైన అడుగు. అయితే ఈ మాట దగ్గర ఆగి ఊపిరి పీల్చుకునే ఉపకులపతులు ఉంటారని నాకు తెలుసు, అందుకే వెంటనే చెబుతున్నాను: లెక్కను సరిదిద్దినంత మాత్రాన పరిస్థితి బాగుపడదు. గడువు పెంచి, అందరినీ కలుపుకుని చూసినా, పార్ట్‌టైమ్‌గా చదివేవారిలో డిగ్రీ పూర్తి చేసేవారి శాతం ఫుల్‌టైమ్ వారికంటే బాగా తక్కువగానే ఉంటుంది. కొలబద్ద తప్పు అన్న వాదన వెనుక దాక్కునే హక్కు మనకు లేదు. సరైన కొలత కావాలని నేను అడిగేది మనిషి ఎక్కడ, ఏ సెమిస్టర్‌లో, ఏ గుమ్మం దగ్గర ఆగిపోయాడో తెలుసుకోవడానికి.

ఒక విద్యార్థి గురించి చెప్పాలి. అతను గిడ్డంగిలో రాత్రి డ్యూటీ చేసి, ఉదయం నాలుగు గంటలు నిద్రపోయి, మధ్యాహ్నం మరో చోట పని చేసి, సాయంత్రం తరగతికి వచ్చేవాడు. ఆరేళ్లు అలా చదివాడు. చివరికి ఒకే ఒక్క పేపరు మిగిలింది. ఆ పేపరును ఆ ఏడాది మధ్యాహ్నం రెండు గంటలకు మాత్రమే పెట్టారు. సాయంత్రం పెట్టడానికి అధ్యాపకుడు లేడన్నారు. మరుసటి ఏడాదీ అదే సమయం. ఆ తరువాత అతను నమోదు చేసుకోలేదు. నేను అతని పేరు ఎదుట కొన్ని వారాలు గైర్హాజరు అని రాశాను, ఆపై జాబితాలోంచి అతని పేరే పోయింది. ఒక్కసారి ఫోన్ చేసి ఎందుకు రావడం లేదని నేను అడగలేదు. అది నా పని అని నాకెవరూ చెప్పలేదు, నేనూ అనుకోలేదు. రెండేళ్ల తరువాత దారిలో కనిపించినప్పుడు అతనే ఈ విషయమంతా చెప్పాడు. విశ్వవిద్యాలయం రికార్డులో మాత్రం కారణం దగ్గర "వ్యక్తిగతం" అని ఉంది.

ఆ ఒక్క మాట మీద నాకు చాలా అభ్యంతరం ఉంది. సంప్రదాయేతర విద్యార్థులు చదువు మానడం గురించి పరిశోధకులు జాన్ బీన్, బార్బరా మెట్జ్‌నర్ 1985లో ప్రతిపాదించిన నమూనా, ఇటువంటి విద్యార్థుల విషయంలో క్యాంపస్ జీవితంతో కలిసిపోవడం కంటే ఉద్యోగం, కుటుంబం, డబ్బు వంటి బయటి పరిస్థితులే ఎక్కువ ప్రభావం చూపుతాయని చెప్పింది. అది నా అనుభవానికి సరిపోయే మాటే. కానీ దానిని చాలామంది పాలకులు తలకిందులుగా అర్థం చేసుకున్నారు. బయటి పరిస్థితులు బలమైనవి కాబట్టి మన చేతుల్లో ఏమీ లేదని అనుకున్నారు. అసలు సంగతి దానికి పూర్తిగా వ్యతిరేకం. బయట ఒత్తిడి ఎంత ఎక్కువగా ఉంటే, లోపల మనం పెట్టే చిన్న ఆటంకం అంత ప్రాణాంతకమవుతుంది. తీరిక, డబ్బు, అండ ఉన్న విద్యార్థి మధ్యాహ్నం తరగతికైనా వస్తాడు, పోయిన కాగితం కోసం మూడుసార్లైనా తిరుగుతాడు. నా విద్యార్థికి ఒక్కసారి తిరిగితే ఒక రోజు కూలి పోతుంది.

ఈ ఆటంకాలు తొలగిస్తే ఫలితం ఉంటుందా అని మీరు అడగవచ్చు. ఉంటుందనడానికి గట్టి ఆధారం ఉంది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో తన రెండేళ్ల కళాశాలల్లో అసాప్ అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. అందులో చేరినవారికి ఆర్థిక సాయం పోను మిగిలిన ఫీజును మాఫీ చేశారు, రవాణా పాస్ ఇచ్చారు, పాఠ్యపుస్తకాల ఖర్చు భరించారు, తరచుగా కలుసుకునే సలహాదారును కేటాయించారు, ఆ సలహాదారు చూసుకోవలసిన విద్యార్థుల సంఖ్యను తక్కువగా ఉంచారు. దీని ఫలితాన్ని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన రెండు బృందాలతో పోల్చి పరీక్షించారు. మూడేళ్లలో పట్టా పొందినవారు కార్యక్రమంలో ఉన్న బృందంలో 40 శాతం, లేని బృందంలో 22 శాతం. రెండు బృందాల్లోనూ ఉన్నది ఒకే రకమైన విద్యార్థులు, కనుక తేడా వారి తెలివిలో లేదు. ఒక్కొక్క విద్యార్థిపై ఖర్చు పెరిగింది, కానీ పట్టాలు పొందినవారు అంతకుమించి పెరిగినందున ఒక్కొక్క పట్టాకు అయిన ఖర్చు తగ్గింది. నిధులు కేటాయించే అధికారులు ఈ చివరి వాక్యాన్ని ప్రత్యేకంగా గమనించాలని మనవి.

ఈ ఉదాహరణకున్న పరిమితిని కూడా దాచను. ఆ కార్యక్రమంలో చేరాలంటే ఫుల్‌టైమ్‌గా చదవాలి. నా తరగతిలో సగానికి పైగా విద్యార్థులకు అది కుదరదు. అందువల్ల దానిని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టమని నేను అడగడం లేదు. అడిగేది అందులోని సలహాదారు గురించి. వందల మందికి ఒక్కరు, అదీ పగటి వేళ కార్యాలయంలో మాత్రమే దొరికే సలహాదారు మా సాయంత్రపు విద్యార్థులకు లేనట్టే లెక్క.

డబ్బు విషయంలో అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం అనుభవం చూడండి. చదువులో ముందుకు సాగుతూ, కొద్దిపాటి ఫీజు బకాయి వల్ల నమోదు రద్దయ్యే విద్యార్థులకు ఆ సంస్థ 2011 నుంచి చిన్న మొత్తాల్లో సహాయం ఇవ్వసాగింది. సగటున అది సుమారు 900 డాలర్లు. విద్యార్థి వచ్చి అడిగేదాకా కాచుకోకుండా, బకాయి జాబితా చూసి సంస్థే ఆ మొత్తాన్ని ఖాతాలో జమ చేసేది. విద్యార్థి వెనకబడుతున్న సూచన కనిపించగానే సలహాదారు పలకరించే ఏర్పాటు 2012లో వచ్చింది. 2003లో 32 శాతంగా ఉన్న డిగ్రీ పూర్తి శాతం ఒక దశాబ్దం దాటేసరికి 50కి పైగా చేరింది, పేద కుటుంబాల వారిని చేర్చుకోవడం తగ్గించకుండానే చేరింది. దీనికి పూర్తిగా ఎదురుగా మరెన్నో సంస్థల్లో జరుగుతున్నదేమిటంటే, బకాయి ఉన్నవాడికి మార్కుల జాబితా ఇవ్వకుండా ఆపడం. అది లేకపోతే అతను మరో చోట చేరలేడు, మెరుగైన ఉద్యోగానికి దరఖాస్తు చేయలేడు, అంటే ఆ బకాయిని తీర్చే దారే మూసుకుపోతుంది. ఈ పద్ధతిని కాలిఫోర్నియా చట్టం చేసి 2020 నుంచి నిషేధించింది. మీకు చట్టం వచ్చేదాకా ఆగవలసిన అవసరం లేదు, ఒక్క ఉత్తర్వు చాలు.

గణితం గురించి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు? చాలా చోట్ల కొత్తగా చేరిన పెద్ద వయసు విద్యార్థికి ఒక ప్రవేశ పరీక్ష పెట్టి, అందులో తప్పితే డిగ్రీకి లెక్కకు వచ్చే క్రెడిట్లు రాని బీజగణితపు సన్నాహక తరగతికి పంపుతారు. ఇరవై ఏళ్లుగా సమీకరణం ముఖం చూడని మనిషి ఆ పరీక్ష తప్పడంలో వింత లేదు. ఆ తరగతిలోనే అతని చదువు ముగిసిపోతుంది, తాను ఎంచుకున్న విషయంలో ఒక్క పాఠమైనా వినకముందే. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలోనే జరిపి 2016లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఇలా సన్నాహక బీజగణితం అవసరమని తేల్చిన విద్యార్థుల్లో కొందరిని లాటరీ పద్ధతిలో నేరుగా డిగ్రీ స్థాయి గణాంకశాస్త్రంలో చేర్చి, దానితోపాటు వారానికోసారి అదనపు సహాయ తరగతి నడిపారు. వారిలో 56 శాతం ఉత్తీర్ణులయ్యారు. సన్నాహక బీజగణితానికే వెళ్లినవారిలో 39 శాతమే ఉత్తీర్ణులయ్యారు. పైమెట్టు అనుకున్నదే వారికి సులువుగా అందింది. ఈ ఫలితం చూసి నేను ఆశ్చర్యపోలేదు. జీతాలు, ధరలు, రోగాల లెక్కలు ముందు పెట్టినప్పుడు నా విద్యార్థులు వేసే ప్రశ్నలు పగటి తరగతిలో నాకెప్పుడూ ఎదురుకాలేదు.

కళాశాలలు మారినప్పుడు పోయే క్రెడిట్లు మరో నష్టం. ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారిన విద్యార్థులు సగటున తమ క్రెడిట్లలో 43 శాతం కోల్పోయారని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో అంచనా వేసింది. ఒకసారి చదివి, ఫీజు కట్టి, పరీక్ష రాసి నెగ్గిన పాఠాన్ని మళ్లీ చదవమనడం ఆ మనిషి జీవితకాలంలో కొంత భాగాన్ని తీసుకోవడమే. పాఠ్యప్రణాళికలో పది శాతం తేడా ఉందన్న కారణంతో ఒక పేపరును తిరస్కరించే బోర్డులో నేనూ కూర్చున్నాను, ఆ తేడా ఎవరికి ఎంత ఖరీదు అవుతుందో ఆ గదిలో మేమెవరమూ ఎన్నడూ చర్చించలేదు.

ఇక్కడ ప్రభుత్వాలకు ఒక హెచ్చరిక చేయక తప్పదు. డిగ్రీ పూర్తి చేసినవారి శాతాన్ని బట్టి నిధులిస్తామన్న మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ శాతాన్ని పెంచడానికి అన్నిటికంటే సులువైన మార్గం, నెగ్గుతారన్న నమ్మకం ఉన్నవారినే చేర్చుకోవడం. నా తరగతిలోని రాత్రి డ్యూటీ మనిషిని గుమ్మంలోనే ఆపేస్తే శాతం అదే పెరుగుతుంది. పాఠాలను పలచన చేసి అందరినీ గట్టెక్కించడం రెండో సులువైన మార్గం, అది మా పట్టా విలువను మా విద్యార్థుల చేతుల్లోనే పోగొడుతుంది. ఫలితాలను బట్టి నిధులివ్వాలని నిర్ణయిస్తే, అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం చేసినట్టు వయోజన విద్యార్థుల, పేద విద్యార్థుల పురోగతికి అదనపు విలువ కట్టండి. అలా చేస్తే వారిని చేర్చుకోవడం సంస్థకు భారంగా కనిపించదు.

పాలకమండలి వచ్చే సమావేశంలోనే నిర్ణయించగల పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి తప్పనిసరి పేపరును రెండేళ్లలో కనీసం ఒకసారి సాయంత్రమో వారాంతమో బోధిస్తామని రాతపూర్వకంగా ప్రకటించండి, చదువు ముగిసేదాకా ఏ పేపరు ఎప్పుడు వస్తుందో చేరిన రోజునే విద్యార్థికి తెలియజేయండి. ఫీజుల విభాగం, పరీక్షల విభాగం, సలహాదారు వారానికి రెండు రోజులైనా రాత్రి ఎనిమిది వరకు అందుబాటులో ఉండాలి. విరామం తీసుకున్న విద్యార్థి తిరిగి వచ్చినప్పుడు మళ్లీ ప్రవేశ దరఖాస్తు, మళ్లీ రుసుము అడగవద్దు. చేరిన ప్రతి ఒక్కరినీ కలుపుకుని, పార్ట్‌టైమ్ వారిని, మారి వచ్చినవారిని విడిగా చూపుతూ, ఎవరు ఏ దశలో ఆగారో ఏటా బహిరంగంగా ప్రచురించండి. ఆ సంఖ్యలు మొదట్లో మనకు అవమానంగానే ఉంటాయి, అయినా ప్రచురించండి.

మరొక పనికి నిధులు కూడా పెద్దగా అక్కర్లేదు. గత పదేళ్లలో చదువు ఆపేసినవారిలో రెండు పేపర్లు లేదా అంతకంటే తక్కువ మిగిలినవారి జాబితాను రిజిస్ట్రార్ కార్యాలయం తయారు చేయగలదు. వారిలో ఒక్కొక్కరికి ఒక మనిషి ఫోన్ చేసి మాట్లాడాలి. ఉత్తరం గానీ, అందరికీ ఒకేలా పంపే సందేశం గానీ ఆ పని చేయలేవు. మా విభాగానికి చెందినవారి పేర్లు నా పాత హాజరు పట్టీల్లో ఉన్నాయి, వారికి ఫోన్ చేసే పని నేను చేస్తాను, నాతో కలిసి చేయడానికి మరికొందరు అధ్యాపకులూ ముందుకు వచ్చారు. రాత్రి డ్యూటీ చేసే ఆ విద్యార్థి పేరు నా జాబితాలో మొదట ఉంది. ఫోన్ ఎత్తగానే అతను అడిగే మొదటి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు: ఆ పేపరు ఇప్పుడైనా సాయంత్రం పెడుతున్నారా అని. దానికి జవాబు మీరు ఇవ్వాలి. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ ఖరారయ్యేలోగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
సాయంత్రపు తరగతుల అధ్యాపకుడు